‘ఊకో’ అనే బటన్

ఈ మధ్య నిజామాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు పిలిచి, వెబ్‌సైట్ల పనిలోకి రాబోయే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు చేతికి వచ్చేసరికి చెప్పాలనుకున్నవి లోపలే ఆగిపోయాయి. కష్టపడండి, నేర్చుకుంటూ ఉండండి అని అందరూ చెప్పేవే చెప్పి దిగొచ్చాను. ఆగిపోయినవి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మీకు పనికొచ్చేది ఎంతో, నాకే ఇంకా అర్థం కానిది ఎంతో విడదీసి చెప్పలేను.

తెచ్చి బిగించడం

నేను చేసిన పనికి కాగితం మీద పెద్ద పేరే ఉండేది. చేసింది మాత్రం తెచ్చి బిగించడం. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కలిసి రాసిన టూల్‌కిట్ ఒకటి ఉంది. జనం ఒకచోట చేరి మాట్లాడుకునే వెబ్‌సైట్లు కట్టుకోవడానికి పనికొస్తుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. సభ్యుల పేజీలు, గుంపులు, చర్చలు, మెసేజ్‌లు, అల్లరి మూకను ఆపే ఏర్పాట్లు, అన్నీ విడివిడి ముక్కలుగా ఉంటాయి. కొత్త ఇంటికి తలుపులూ కిటికీలూ తయారుగా తెచ్చి బిగించినట్టే ఇదీ.

ఆ టూల్‌కిట్‌తో నేను కట్టినవాటిలో ఎక్కువకాలం నిలిచింది ‘ముచ్చట’. బోధన్ చుట్టుపక్కల చెరుకు రైతుల కోసం వాళ్ల సంఘం పెట్టించిన సైటు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోవాలి. ఒక్క రైతు కోసం లారీ రాదు. చెరుకు నరికే కూలీల గ్యాంగులు మహారాష్ట్ర నుంచి వస్తాయి. ఒక్క చేను కోసం ఆ గ్యాంగు పెద్ద, అంటే ముకద్దం, కదలడు. నలుగురైదుగురు రైతులు ఒక మాట మీద ఉంటేనే కోత. ఆ మాట కలవడానికే ఈ సైటు.

టూల్‌కిట్‌లో చాలా సంగతులు ముందే ఎవరో నిర్ణయించి పెట్టి ఉంటాయి. మనం మార్చకపోతే అవే నడుస్తాయి. పుట్టినతేదీ ఇవ్వనిదే సభ్యత్వం లేదన్నది అందులో ఒకటి. మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటే పుట్టినరోజు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు వయసు అడిగి జనవరి ఒకటి అని రాసేశారు, అదే నిలిచింది. సైటు పెట్టాక వచ్చిన మొదటి జనవరి ఒకటిన ఒక్కొక్కరికీ మిగిలినవాళ్లందరి పుట్టినరోజు కబుర్లు వరదలా వెళ్లాయి. ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేసి, “సగం జిల్లా నా తోటే పుట్టిందా సారూ, మా అవ్వ ఎన్నడూ చెప్పకపాయె” అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఒక హెచ్చరిక ఉందని నాకు తోచలేదు. ఇలా నేను ముట్టుకోకుండా వదిలేసినవి ఇంకా ఏమేం ఉన్నాయో ఆ రోజే కూర్చుని చూసి ఉండాల్సింది.

విఠల్ సార్

సంఘం కార్యదర్శి విఠల్ సార్ నాకు బాస్. కంప్యూటర్ గురించి ఏమీ తెలియదని ఆయనే చెప్పుకునేవాడు. తెలియనివాడికి ఉండే మొండితనం కొంత ఉండేది కానీ, మనిషి మంచివాడు. టూల్‌కిట్‌కు అప్పటికి తెలుగు లేదు. ఎడమవైపు ఇంగ్లీషు మాటలు, కుడివైపు మన మాటలు ఉండే ఫైల్ ఒకటి మనమే నింపాలి. నేను కష్టపడి నింపాను. ‘సభ్యుని నిశ్శబ్దపరచుము’, ‘సమాచార ప్రకటనలు’ అని ఏదేదో రాశాను. విఠల్ సార్ ఫోన్‌లో అది చూసి, నా మొహం చూసి, మళ్లీ ఫోన్ చూశాడు.

“ఇది గవర్నమెంటోల్ల నోటీసు లెక్క ఉన్నది. మనోళ్లు మాట్లాడే మాట పెట్టు సారూ” అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. మొత్తం తిరగరాశాను. ఎవరి పోస్టు అయినా నచ్చితే నొక్కేది ‘బాగుంది’. ఎవరి గోలైనా పడలేకపోతే, ఇక వాళ్ల పోస్టులు మన ఫోన్‌లో కనిపించకుండా చేసుకునే బటన్ ఒకటి ఉంటుంది. దానికి ‘ఊకో’ అని పెట్టాను. అది నొక్కితే ‘మీరు ఫలానా వారిని ఊకో అన్నారు’ అని కింద ఒక వాక్యం వస్తుంది. విఠల్ సార్ నా భుజం తట్టాడు. ఆ తెలుగు ఫైల్‌ను టూల్‌కిట్‌వాళ్లకూ పంపాను. కోస్తా వైపు నుంచి ఒకతను, ఊకో అంటే ఏమిటండీ అని మర్యాదగా అడిగాడు. నోరు మూసుకో అని, అంతకంటే కొంచెం మెత్తగా, అని జవాబు రాశాను. ఆ జవాబు ఇప్పటికీ అక్కడే ఉంది.

అది సగం అర్థమే. మా వైపు ఏడుస్తున్న మనిషి వీపు మీద చెయ్యి వేసి అనే మాట కూడా ‘ఊకో’ అనేదే. చావు ఇంటికి వెళ్లిన ప్రతివాళ్లూ, ఊకో బిడ్డా, ఊకో అక్కా అంటూనే లోపలికి వెళతారు. మా అమ్మ పోయినప్పుడు నన్నూ అలాగే ఓదార్చారు. ఈ సంగతి నాకు తెలియదని ఎలా అనను? తెలిసి ఉండీ తోచకపోవడం ఎలా జరుగుతుందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

రాజన్న పేరు మీద

రాజన్నది బోధన్ దాటాక మంజీర నది వైపు ఒక ఊరు. సొంత చేను, చెరుకు. ముచ్చటలో అతనంత నోరున్న సభ్యుడు లేడు. ముకద్దంలతో తగువు, లారీల వాళ్లతో తగువు, సంఘంతో తగువు. అతను అన్నవాటిలో నిజాలూ ఉండేవి. విసుగెత్తిన కొందరు ‘ఊకో’ నొక్కారు. బటన్ నేను అనుకున్నట్టే పనిచేసిందని సంతోషించాను.

ఒక దసరా దాటాక రాజన్న గుండె ఆగి పోయాడు. అతని భార్య సాయవ్వ అతని ఫోన్ నుంచే, అతని పేరు మీదే ఆ కబురు పెట్టింది. “మా ఇంటాయన పోయిండు. నేను సాయవ్వను. చెరుకు చేన్లనే ఉన్నది. నాకేం తెలుస్తలేదు” అని రాసింది.

ఊళ్లన్నిటిలోనూ ఆ పోస్టు చదివారు. తెలుగులో జవాబు టైపు చేయడం చాలామందికి రాదు, నొక్కడానికి కింద రెండే బటన్లు. చావు కబురు కింద ‘బాగుంది’ ఎవరు నొక్కుతారు? రెండోది నొక్కారు. ‘మీరు రాజన్నను ఊకో అన్నారు’ అని వచ్చింది. ఆ ఫోన్ రాజన్నదని, ఇప్పుడు అది సాయవ్వ చేతిలో ఉందని అందరికీ తెలుసు. ఓదార్పు ఆమెకు చేరిందనుకున్నారు. నిజానికి ఆ వాక్యం బటన్ నొక్కినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించదు.

ఇక్కడ టూల్‌కిట్‌లో నేను ముట్టుకోని ఇంకో ఏర్పాటు గురించి చెప్పాలి. ఒక మనిషిని చాలామంది వద్దనుకుంటే, ఆ మనిషి తర్వాత రాసేవి ఎవరికీ కనిపించవు. నిర్వాహకుడు చూసి సరేననేదాకా ఒక వరుసలో ఆగిపోతాయి. రాసినవాళ్ల ఫోన్‌లో మాత్రం మామూలుగానే కనిపిస్తాయి. మోసగాళ్లకు తమను ఆపిన సంగతి తెలియకూడదని అలా పెట్టారు. చదివినప్పుడు ఎంత తెలివైన ఏర్పాటు అనుకున్నాను. రాజన్న మీద విసుగుతో నొక్కినవీ, సాయవ్వ మీద జాలితో నొక్కినవీ యంత్రం ఒకే లెక్కలో కలిపింది. సాయవ్వ నోరు మూతపడింది.

ఆ తర్వాత ఆమె రాసినవేవీ ఎవరూ చూడలేదు. చెరుకు కోయాలి, గ్యాంగు ఎవరికైనా దొరికితే నన్నూ కలుపుకోండి అని, కింద తన ఫోన్ నంబరు. లారీ ఎవరిదైనా మా వైపు వస్తుందా అని ఇంకోటి. చివరిది, “ఒక్కలన్న మాట్లాడుండ్రి” అని.

ఇవన్నీ ఆ వరుసలో నా కోసమే ఆగి ఉన్నాయి. నిర్వాహకుణ్ని నేనే. ఆ వరుసను తెరవడం మానేసి చాలాకాలమైంది. అందులో అప్పుల ఆప్‌ల ప్రకటనలు, లాటరీ మెసేజ్‌లు తప్ప ఏమీ ఉండవని నా నమ్మకం. కొత్తది వచ్చిందని చెప్పే మెయిళ్లను కూడా కంటికి కనబడకుండా పక్క ఫోల్డర్‌కు మళ్లించుకున్నాను. దీనికి టూల్‌కిట్‌ను అనలేను. అది నాకు ప్రతిసారీ చెబుతూనే ఉంది.

బోధన్‌లో మీటింగు

శివరాత్రికి ముందు బోధన్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సభ్యుల మీటింగు పెట్టాం. సైటు ఎలా వాడాలో నేను తెర మీద చూపిస్తున్నాను. వెనక కుర్చీలోంచి ఒకావిడ లేచింది. ఎవరో పక్కన, రాజన్న భార్య అన్నారు.

“సార్, ఒక్క మాట అడుగుత. సచ్చినోని నోటి మీద కోపం పెట్టుకొని, బతికున్నదాన్ని గిట్ల చేస్తరా? వీళ్ల నడుమ నేనెట్ల బతకాలె?” అంది.

ఆమె ఊరికే చెందిన పోశెట్టి అనే రైతు లేచాడు. రాజన్నతో గట్టు తగాదా ఉన్న మనిషి.

“మేమేం చేసినం వదినా? అందరం ఊకో అన్నం. నేను గూడ అన్న. ఊళ్లె లేకుంటి, నాందేడ్ల ఉంటి. ఆడికెల్లే నొక్కిన.”

“నొక్కితివి. గ్యాంగు కావాలె అంటె ఒక్కనికన్న నోరు లేసిందా?”

“ఏం గ్యాంగు?”

ఆమె ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. పోశెట్టి చదివాడు. తన ఫోన్ తీసి వెతికాడు. పక్కవాడి ఫోన్‌లోనూ వెతికాడు. నా వైపు తిరిగి, ఆమె ఫోన్‌లో ఉన్నది మా ఫోన్లలో ఎందుకు లేదని అడిగాడు. ఇంతలో చెరుకు సంగతి తెలిసింది. కోసేవాళ్లు రాక, పూత వచ్చి, గడల్లో రసం ఎండి బెండు పడి, చివరికి బెల్లం గానుగ అతను వచ్చి పనికొచ్చినంత కోసుకుపోయాడట. మిగిలింది ఊరి పశువులు మేశాయట. ఆమె మళ్లీ బీడీలు చుడుతోందట.

వేదిక మీద నిలబడి ఉండగానే నాకు విషయం మొత్తం అర్థమైంది. అర్థమైన క్షణంలోనే, “నెట్‌వర్క్ సమస్య అయి ఉంటుంది, చూస్తాను” అన్నాను. అంత తొందరగా ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు. విఠల్ సార్ కూడా, అవునవును, మా వైపు సిగ్నల్ ఉండదని వంత పాడాడు. ఆయన నమ్మే అన్నాడు. సాయవ్వ కూర్చుంది. నమ్మిందో లేదో ఆమె మొహం చూసి చెప్పలేకపోయాను.

మీటింగు అయ్యాక పోశెట్టిని టీ దగ్గర పట్టుకున్నాను. ఆ రోజు ఊకో అని ఏ అర్థంతో నొక్కావు, ఓదార్చడానికా, నోరు మూయించడానికా అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

“ఏ అర్థమేంది సారూ. ఏడుస్తుంటె ఊకో అంటం, లొల్లి చేస్తుంటె ఊకో అంటం. రెండిట్ల ఏదైనా సప్పుడు బందు చెయ్యమనే గదా.”

అప్పటిదాకా నేను పెట్టిన మాట తప్పని, జనం మనసు మంచిదని ఒక లెక్క వేసుకుంటున్నాను. పోశెట్టి మాటతో ఆ లెక్క చెదిరిపోయింది. ఆలోచించిన కొద్దీ అతను అన్నది తప్పనీ అనలేకపోతున్నాను, ఒప్పనీ అనలేకపోతున్నాను.

నా మరమ్మతు

ఆఫీసుకు వచ్చి గుట్టుగా సరిచేద్దామనుకున్నాను. బటన్ పేరు ‘ఇతని పోస్టులు నాకు చూపవద్దు’ అని మార్చాను. అప్పటిదాకా నొక్కిన ‘ఊకో’లన్నీ రద్దు చేసి, చాలామంది వద్దంటే ఆపేసే ఏర్పాటు తీసేశాను. వరుసలో ఉన్న సాయవ్వ పోస్టులను విడుదల చేశాను. అవి పాత తేదీల్లోకి వెళ్లి కూర్చుంటాయని, ఎవరైనా వెతికితే ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయని నా అంచనా. నా తప్పు ఎవరికీ తెలియదు. పరీక్షించి చూడలేదు. దొంగపని చేసేవాడికి తొందర ఎక్కువ.

టూల్‌కిట్ వాటిని ఆ రోజు తేదీతో కొత్త పోస్టులుగా వేసింది. సభ్యులందరి ఫోన్లకూ కబురు పంపింది.

పొద్దున్నే విఠల్ సార్ ఫోన్. “సాయవ్వకు గ్యాంగు కావాల్నంట గద, అందరు నాకే చేస్తున్నరు. మొన్న హాల్ల చెప్పింది ఇదే గదా, మళ్ల పెట్టిందా?” అని అడిగాడు. ఆయనకు జరిగింది చెప్పాను. అంతా విని, నువ్వే పోయి ఆమెకు చెప్పు, నన్ను పొమ్మనకు అన్నాడు. బాస్‌గా ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం తప్పించుకున్నాడని తిట్టుకున్నాను.

పిల్లలకు ఇక్కడ ఒక మాట. చేసిన తప్పును ఎవరికీ తెలియకుండా దిద్దబోయినప్పుడు జరిగే రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది. మొదటిది నేను చూడక చేసింది. రెండోది ఎవరూ చూడకూడదని చేసింది.

సాయవ్వ ఇంట్లో

బోధన్ బస్సు దిగి, ఆటోలో ఆ ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. సాయవ్వ వాకిట్లో చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతోంది. నన్ను చూసి కూర్చోమని కంటితోనే సైగ చేసింది.

నేను దారంతా పొందికగా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పడానికి నాకు వంతు రాలేదు. ఒక ఫోన్ పెట్టేస్తే ఇంకోటి. ఇందల్వాయి నుంచి ఒక లారీ ఆయన, బండి ఖాళీగా ఉంది, ఎప్పుడు పంపమంటావు అంటున్నాడు. ఒక ముకద్దం మరాఠీలో ఏదో అడుగుతున్నాడు. ఆమె మరాఠీలోనే జవాబు చెప్పింది. ఎవరికైనా ఒకటే మాట. చెరుకు లేదన్నా, పోయింది. ఆ మాట కార్తీకంల పెడితి. అవతలివాళ్లు మాకు ఇప్పుడే వచ్చింది కదా అంటే ఆమెకు ఏం చెప్పాలో తెలియక ఆగిపోతోంది.

ఒక సందు దొరికింది. నేను ఫలానా అని, మీటింగులో నెట్‌వర్క్ అన్నది అబద్ధమని చెప్పాను. నేను పెట్టిన బటన్ వల్ల, నేను చూడకపోవడం వల్ల నీ మాటలు ఎవరికీ చేరలేదన్నాను. వాళ్లెవరూ నీ మీద కోపం పెట్టుకోలేదని కూడా చెప్పాను. ఆ చివరి మాట నేను నిలబెట్టుకోగలనో లేదో అంటూండగానే అనుమానం వచ్చింది. కొందరికి కోపం ఉండేది. ఎవరికి ఎంత ఉందో నాకు తెలియదు.

ఆమె చేతులు ఆగాయి. “అయితె కావాలని చెయ్యలేదా వాళ్లు?”

“చూడనే లేదమ్మా వాళ్లు.”

“నాలుగు నెలలు నేను గీ ఊళ్లె తల ఎత్తలే. బాయి కాడికి గూడ పొద్దు పొడవకముందు పోయి వస్తుంటి.”

ఫోన్ మోగింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, తీసి నా చేతిలో పెట్టింది.

“నువ్వే చెప్పు. ఏమైందో నాకు చెప్పరాదు.”

అలా ఎవరో ముక్కూమొహం తెలియని రైతుకు నా తప్పు మొదటినుంచీ చెప్పాను. “అంటే ఆమె అడిగిందా, అడగలేదా?” అన్నాడతను. అడిగింది అన్నాను. మీకు చేరకుండా ఆపింది నేను అన్నాను. ఇంకో ఫోన్. మళ్లీ మొదటినుంచి. ఒకతను తిట్టాడు. ఒకతను నవ్వాడు. ఒకావిడ, పాపం యంత్రం సార్, దానికేం తెలుసు అని నన్నే ఓదార్చబోయింది. ఆ సాకు చాటున దాక్కునే వీలు లేక, యంత్రం కాదమ్మా, నేను అని చెప్పాల్సి వచ్చింది. చెప్పిన కొద్దీ విషయం తేటపడుతుందనుకున్నాను. ప్రతిసారీ కథ ఒక దగ్గర తెగిపోయేది. వాళ్లు ఓదార్చారు, ఆమె నోరు మూతపడింది. ఈ రెండు వాక్యాల మధ్య ‘అందుకే’ అని పెట్టాలో, ‘అయినా’ అని పెట్టాలో నాకు తెలిసేది కాదు.

సాయవ్వ నా పక్కనే చుట్టుకుంటూ అంతా వింటోంది. ఒకసారి నేను కథలో ఆమె చివరి పోస్టు చెప్పడం వదిలేస్తే, గది గూడ చెప్పు అంది. చెప్పాను.

పొద్దు వాలుతుండగా ఎడపల్లి నుంచి ఒక రైతు చేశాడు. నిదానం మనిషి. మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. అయ్యాక, “అయిందేదో అయింది సారూ. గిప్పుడామెకు ఏం కావాలె?” అన్నాడు.

పొద్దున్నించి అన్ని ఫోన్లలోనూ నేను జరిగిపోయిందే చెబుతూ వచ్చాను. ఫోన్ చేత్తో మూసి ఆమె వైపు తిరిగాను.

సాయవ్వ చేటలోంచి తల ఎత్తలేదు. దారం కొరికి, కట్ట ముడి వేసి, “విత్తనం చెరుకు ఉన్నదా అడుగు” అంది.